ఇరవై తొమ్మిదో లాంచీ

వైశాఖ బహుళ విదియ

ఈ రోజు పొద్దున్న తొమ్మిది గంటల ప్రాంతంలో రేవు యంత్రం మళ్లీ లేచింది. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత.

యంత్రం అంటున్నానే గాని అసలు యంత్రం లేదు. బీరువాల్లా గది నిండా నిలబడి ఉండే ఆ మెయిన్‌ఫ్రేమ్ కొత్తరేవు ఆఫీసు రెండో అంతస్తులోనే ఉండిపోయింది. ఇప్పుడు దాని మీద ఎనిమిది బారల సముద్రం ఉంది. మనకి దక్కినవి నలభై టేపులు. వాటిని చదవడానికి నాలుగు నెలలు పట్టింది. చదివినదంతా అరచేతంత కంప్యూటర్లోకి ఎక్కించి, ఆ చిన్నదాని చేత పెద్దదాని వేషం వేయించాను. ఇలా వేషం వేసే ప్రోగ్రాముని ఎమ్యులేటర్ అంటారు. టేపుల మీది పాత ప్రోగ్రాముకి ఇదేమీ తెలియదు. ఇంకా రేవులోనే ఉన్నాననుకుంటోంది. తెర మీద అది అడిగిన మొదటి మాట: ఆపరేటర్ గుర్తు?

నా వేళ్లు వాటంతట అవే రెండు అక్షరాల మీదికి పోయాయి. చెరిపేశాను. చూసిపోయేవాళ్ల కోసం వేరే గుర్తు ఒకటి ఉండేది. దాంతో లోపలికి వెళ్లాను.

ఎవరైనా తర్వాత చదివితే తెలియాలని రాస్తున్నాను. నా పేరు పేడాడ జగన్నాథం. అరవై ఒకటి నిండాయి. నాలుగేళ్లుగా మెట్టవలస శిబిరంలో తంతి గది, అంటే రేడియో, కంప్యూటర్లూ ఉండే గది, చూసుకుంటున్నాను. ముంపుకి ముందు తొమ్మిది రోజుల్లో నలభై ఒక్క లాంచీల మీద కొత్తరేవు జనాన్ని తరలించారు. ఎవరు ఏ లాంచీ ఎక్కారో ఈ యంత్రంలో ఉంది. ఎవరు ఏ శిబిరంలో దిగారో తొమ్మిది శిబిరాల చీటీల్లో ఉంది. ఆ చీటీలన్నీ ఎగువకూడలిలోని వెతుకులాట కేంద్రం దాచింది. ఎక్కినవాళ్లనీ దిగినవాళ్లనీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఇంతవరకూ లేరు.

అమావాస్యకి టవర్ దించేస్తాం. వానలకి ముందు ఏటా దించేదే. కాకపోతే ఈ ఏడు ఎగువకూడలి వాళ్లు కేంద్రాన్నే ఎత్తేస్తున్నారు. అక్కడి కంప్యూటర్లు కాలువ పనులకి పోతాయి. అంటే నాకున్నది పదమూడు రోజులు.

తదియ

బలరాం వచ్చి చూసి వెళ్లాడు. కిల్లో బలరాం గుట్ట మీది టవర్ చూసుకుంటాడు. నాకన్నా పదేళ్లు చిన్నవాడు. గాలి వీచినప్పుడు ఏ బోల్టు వదులైందో కింద నిలబడి చెప్పగలడు.

"పేర్లన్నీ కాగితం మీదకి దింపేసి రేడియోలో చదివేస్తే సరిపోదా, జగన్నాథం గారూ?" అన్నాడు.

అదే అయితే టేపులు చదవగానే చేసేవాణ్ణి. పేర్లు మామూలుగా రాసి లేవు, సంకేతాల్లో ముడివేసి ఉన్నాయి. ముడి విప్పడం ఆ పాత ప్రోగ్రాముకి మాత్రమే వచ్చు. పైగా ఆ రోజుల్లో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, అదీ తోకలు కత్తిరించి కొట్టేవారు. ఒక అప్పలస్వామి ఐదు రకాలుగా ఉంటాడు. కేంద్రం దగ్గరున్న ప్రోగ్రాము పేరు పెట్టి అడగాలి, తండ్రి పేరు పెట్టి అడగాలి, ఊరు పెట్టి, వయసు పెట్టి మళ్లీ మళ్లీ అడగాలి. లక్ష ప్రశ్నలు అవుతాయి. మనిషి నోటితో అయ్యే పని కాదు. రెండు కంప్యూటర్లూ నేరుగా మాట్లాడుకోవాలి.

మధ్యాహ్నం మొదలుపెట్టాను. యంత్రం తన సొంత తెర మీద బాగానే పలుకుతోంది. బల్ల మీద పక్కనే ఉన్న ఇంకో కంప్యూటర్ నుంచి పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. డబ్బాలో ఉన్నవి రెండు. బయట నిజమైన చిన్న కంప్యూటర్, లోపల వేషం వేసిన పెద్దది. తీగ ఒక్కటే, అది బయటిదాని సొంతం. లోపలిది ఆ తీగ మీదికి రావాలంటే రెండింటి మధ్యా బ్రిడ్జి కట్టాలి. సిమెంటూ ఇనుమూ అక్కర్లేని బ్రిడ్జి. నాలుగు ఆజ్ఞలు కొడితే చాలు.

కొట్టాను. కొట్టగానే అంతా పోయింది. పెద్దదే కాదు, చిన్నది కూడా పలకడం మానేసింది.

చవితి

తప్పు నాదే. బ్రిడ్జి కట్టాక చిన్న కంప్యూటర్ తన చిరునామాని తీగ మీద నుంచి తీసి బ్రిడ్జి మీద పెట్టుకోవాలి. నేను పాత చోటే వదిలేశాను. పిలిచిన వాళ్లు ఒక గుమ్మం దగ్గర నిలబడి పిలుస్తున్నారు, ఇది ఇంకో గుమ్మంలో నిలబడి వింటోంది. సరిచేశాక రెండూ పలికాయి. పక్క కంప్యూటర్ నుంచి యంత్రాన్ని ఒక పేరు అడిగాను. జవాబు వచ్చింది.

అప్పుడే అసిరమ్మ గారు అన్నం తెచ్చింది. సూరాడ అసిరమ్మ, ఉమ్మడి వంటశాలలో పెద్ద. తంతి గదికి క్యారేజీ తనే తెస్తుంది. అక్కని పిలిచినట్టు నేను అప్పా అని పిలుస్తాను. ఈ నాలుగేళ్లలో ఈ పని గురించి ఒక్కనాడూ అడగలేదు. ఇవాళ తెర ముందు ఆగింది.

"రేవులో ఎక్కినోళ్లందరూ ఇందల ఉన్నారేటి బాబూ?"

"ఉన్నారప్పా."

"నాను ఇరవై ఆరో లాంచీ. ఒక్కరికే సోటుందన్నారు. మా ఆయన, నువ్వు ఎక్కీయే, నాను ఎనకాల దాన్ల వస్తాను అన్నాడు. ఇరవై తొమ్మిదో లాంచీ ఇచ్చినారు ఆయనకి. ఏ శిబిరంల దింపినారో, ఏటో." క్యారేజీ గిన్నెలు విప్పి పెట్టింది. "ఆ పేర్లు రాసీ గుమస్తా ఒకడుండీవోడు. తలెత్తకండా రాసీసినాడు. తలెత్తితే నాను బతిమాలుకుందును. అన్నం సల్లారిపోతంది, తిను."

తిన్నాను. తిన్నట్టు గుర్తులేదు.

షష్ఠి

గది లోపల అంతా పనిచేస్తోంది. గది దాటి ఒక్క అక్షరం పోవడం లేదు.

ఎగువకూడలిలో రహీమా అనే అమ్మాయి ఉంది. శిబిరాల చీటీలు సర్దే పని ఆమెది. ఆమె తన కంప్యూటర్ నుంచి పిలుస్తోంది, ఆ పిలుపు మా టవర్ దాకా వచ్చి, గదిలోకి వచ్చి, యంత్రాన్ని చేరుతోంది. యంత్రం జవాబిస్తోంది. ఆ జవాబు బ్రిడ్జి దాటి తీగ మీద పోతోంది. ఇదంతా నేను తీగకి చెవి ఆనించే ప్రోగ్రాము పెట్టి కళ్లారా చూశాను. రహీమాకి మాత్రం ఏమీ అందడం లేదు.

బలరాం టవర్ ఎక్కి అక్కడి పెట్టెకి ఇంకో చెవి పెట్టాడు. జవాబు అక్కడిదాకా వచ్చి పడిపోతోంది. కారణం సాయంత్రానికి తెలిసింది. టవర్ మీది వైర్‌లెస్ పెట్టె, మొదట తనతో చెయ్యి కలిపిన కంప్యూటర్ మాటనే మోస్తుంది. చెయ్యి కలిపింది బయటి చిన్న కంప్యూటర్. జవాబు వస్తున్నది లోపలి పెద్దదాని గుర్తుతో. ఎవరో తెలియనివాళ్ల ఉత్తరమని పారేస్తోంది. తీగ మీద కట్టిన బ్రిడ్జి గాలిలో నిలబడదు.

చిన్న కంప్యూటర్నే మధ్యవర్తిగా పెట్టి, ఇటు మాట అటు, అటు మాట ఇటు చేర్చమందామా అంటే అదీ కుదరలేదు. పాత యంత్రం భాషలో ఊరు పేరు, వీధి పేరు ఉండవు. ఎదుటి గుమ్మం గుర్తు ఒక్కటే ఉంటుంది. ఒకే గదిలో ఉన్నవాళ్ల కోసం పుట్టిన భాష అది. దారి చూపిస్తానన్నా అర్థం చేసుకోదు.

అష్టమి

రెండు రోజులు వృథా. టవర్ పెట్టె మార్చి చూశాను. గుర్తులు తారుమారు చేసి చూశాను. రహీమా పొద్దున్న రేడియోలో మాట్లాడింది.

"జగన్నాథం గారూ, రెండు కంప్యూటర్లు నిన్న పట్టుకుపోయారండీ. నాది ఒక్కటే మిగిలింది. పదిహేనేళ్లుగా ఈ చీటీలు సర్దుతున్నాను. కట్టలు కట్టి అటక మీద పడేయమంటున్నారు."

మధ్యాహ్నం బలరాం, నేనూ గది అరుగు మీద కూర్చున్నాం. జరిగింది మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. అతను అన్నాడు.

"మా కొండ మీద చాలామందికి చిరునామాలుండవండి. ఉత్తరాలన్నీ నా పేరు మీదే వస్తాయి. పై కవరు మీద నా పేరుంటుంది. లోపల ఇంకో కవరు. దాని మీద వాళ్ల పేరు. తపాలా వాళ్లకి పైదొక్కటే కనిపిస్తుంది."

ముప్పై ఏళ్లు ఈ పని చేసినవాణ్ణి. నాకు తట్టవలసిన మాట అది.

యంత్రం మాటని మాటగానే ఉంచి, చిన్న కంప్యూటర్ పేరున్న కవర్లో పెట్టి పంపాలి. అవతల రహీమా కంప్యూటర్ పై కవరు చింపి లోపలిది తీయాలి. బ్రిడ్జి ఇక్కడ సగం, అక్కడ సగం. మధ్యలో ఒక సొరంగం.

నవమి

సొరంగం రెండు కొసల నుంచీ తవ్వాలి. అవతలి కొసన ఉన్నది రహీమా.

"నేను చీటీలు సర్దేదాన్నండీ. ఈ ఆజ్ఞలవీ నాకు రావు," అంది.

"అక్షరం అక్షరం చెప్తాను తల్లీ. నువ్వు కొట్టు."

"తప్పు పడితే?"

"మళ్లీ కొడదాం."

పొద్దున్న పది నుంచి సాయంత్రం నాలుగు దాకా పట్టింది. ఒక చుక్క దగ్గర గంట పోయింది. నాలుగుంబావుకి ఆమె ఒక పేరు అడిగింది. తన మేనత్త పేరేనట. ఎనిమిది క్షణాల తర్వాత రేడియోలో ఆమె గొంతు మెల్లగా వినిపించింది.

"వచ్చిందండీ. పేరు, ఊరు, వయసు, లాంచీ పదకొండు. ఈమె మా శిబిరంలోనే దిగింది, నాకు తెలుసు. సరిపోయింది. చివరి గడిలో పి.జె. అని ఉంది. అదేంటండీ?"

"పేరు ఎక్కించిన ఆపరేటర్ గుర్తు."

"ఎవరో తెలుసా?"

"నేనే," అన్నాను. రేడియోలో ఆ మాట అనేశాక ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

దశమి

వంటశాల వెనక అసిరమ్మ గారు చాప మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఎదురుగా కూర్చున్నాను.

"అప్పా, రేవులో పేర్లు రాసిన గుమస్తాని నేనే."

చెయ్యి ఆగలేదు. "ఏ గుమస్తా?"

"తలెత్తకుండా రాశాడన్నావే. వాణ్ణే. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు."

నా ముఖం పరకాయించి చూసింది. ముప్పై ఎనిమిదేళ్ల వెనక్కి వెళ్లి పోల్చుకుంటున్నట్టు చూసింది.

"మా ఆయన మొకం సూసినావా మరి?"

"లేదప్పా. ఎవరి మొహమూ చూడలేదు. చూస్తే వేళ్లు ఆగిపోయేవి."

"ఒక్క సోటే ఉన్నాదన్నావు. అది నిజివేనా?"

"యంత్రం అలా చూపించేది. ఇన్ని చోట్లు నిండగానే చోటున్న ఇంకో లాంచీ నంబరు వేసేది. నేను దాన్ని మార్చలేదు."

"మారిస్తే మారునా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆమెకి తెలిసే దారి లేదు. "మారేది. ఒక్క మీట నొక్కితే. ఇంకో మనిషిని ఎక్కించుకున్నా లాంచీ మునిగిపోయేది కాదు. నొక్కాలని నాకు తోచలేదు. వెనక పదిహేను వందల మంది నిలబడి ఉన్నారు."

పిక్కలన్నీ ఒకపక్కకి తోసింది. "నాలుగేళ్లు అన్నం తెచ్చినాను నీకు," అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. "ఎల్లు బాబూ. ఎల్లి ఆ పని సూసుకో."

ద్వాదశి

రెండు రోజులుగా క్యారేజీ వేరే ఆవిడ తెస్తోంది.

పని మళ్లీ ఆగింది. ఒక్కో పేరు అడిగితే వస్తోంది. ఒక లాంచీ జాబితా మొత్తం అడిగితే యంత్రం మొదలుపెట్టి మధ్యలో బిగుసుకుపోతోంది. ఆ తర్వాత పది నిమిషాలు దేనికీ పలకదు. ఒక్కో పేరే అడుగుతూ పోతే అమావాస్యకి సగం కూడా కాదు.

బలరాం గాలి వల్లేమో అన్నాడు. టవర్ మీద ఒక పూటంతా కాపలా కూర్చున్నాడు. గాలి కాదు. చివరికి నేనూ రహీమా చిన్నపిల్లల ఎక్కాల్లా లెక్కపెట్టడం మొదలుపెట్టాం. ఐదు పేర్లు అడుగు. వచ్చాయి. పది అడుగు. వచ్చాయి. పన్నెండు. వచ్చాయి.

"పదమూడు అడిగానండీ," అంది రహీమా. కాసేపటికి, "రాలేదు," అంది.

మూడుసార్లు చేశాం. పన్నెండు వస్తాయి, పదమూడు రావు. అప్పుడు అర్థమైంది. కవరు ఇంత కొలత అని ఒకటుంటుంది. యంత్రం తన కవరు నిండా కూరి పంపుతోంది. ఆ నిండు కవర్ని మేం ఇంకో కవర్లో దూర్చాలని చూస్తున్నాం. పట్టడం లేదు. టవర్ పట్టనిదాన్ని చెప్పాపెట్టకుండా వదిలేస్తోంది. యంత్రమేమో జవాబు చేరిందన్న కబురు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటోంది.

పాత యంత్రానికి చిన్న కవర్లు వాడమని చెప్పాలి. అది చెప్పాలంటే చూసిపోయేవాళ్ల గుర్తు సరిపోదు. ఆపరేటర్ గుర్తు కావాలి.

పి.జె. అని కొట్టాను. సంకేతపదం అడిగింది. అదీ గుర్తుంది. యంత్రం నన్ను లోపలికి రానిచ్చింది. ఎప్పటివాణ్ణో అప్పటివాణ్ణే అనుకుంది.

త్రయోదశి

పొద్దున్న ఆరింటికి రహీమా తన ప్రోగ్రాము నడిపించింది. ఆగకుండా నడుస్తోంది. నేను చేయవలసింది ఏమీ లేదు. తెర మీద పేర్లు పోతూ ఉంటే చూస్తూ కూర్చున్నాను. ప్రతి పేరూ నేను కొట్టిందే. ఒక్కటీ గుర్తులేదు.

చతుర్దశి

మధ్యాహ్నం రెండింటికి అయిపోయింది.

ఎక్కినవాళ్లు 4,212. దిగినట్టు చీటీ దొరికినవాళ్లు 4,081. దొరకనివాళ్లు 131.

రహీమా ఈ అంకెలు చదివింది. కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"జగన్నాథం గారూ, దొరకనివాళ్లని లాంచీల వారీగా పేర్చానండీ. ఒక లాంచీకి ఇద్దరు, ఒకదానికి ముగ్గురు, అలా ముప్పై ఐదుగురు. దారిలో పోయినవాళ్లో, చీటీలు చిరిగినవాళ్లో. మిగిలిన తొంభై ఆరుగురూ ఒకటే లాంచీ."

నంబరు నేను అడగలేదు. ఆమే చెప్పింది.

ఆ తొంభై ఆరుగురి మనుషులు తొమ్మిది శిబిరాల్లో చెల్లాచెదురుగా ఉన్నారు. ప్రతి ఇంటివాళ్లూ తమ మనిషి ఒక్కడే తప్పిపోయాడనీ, ఇంకో శిబిరంలో ఉన్నాడేమోననీ అనుకుంటూ వచ్చారు. లాంచీ రాలేదని చెప్పడానికి రేవు మిగల్లేదు. వాళ్లని ఒక్కచోట చేర్చి చూసినవాళ్లు ఇవాళ్టిదాకా లేరు. జాబితాలో తొంభై ఆరు గడుల్లోనూ పి.జె. అనే ఉంది.

వంటశాలకి వెళ్లాను. నన్ను చూడగానే అసిరమ్మ గారు గరిటె పక్కన పెట్టి బయటికి వచ్చింది.

"ఇరవై తొమ్మిది ఎక్కడా చేరలేదప్పా. తొంభై ఆరుగురిలో ఒక్కరూ దిగలేదు."

గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఒక్కడే పోనేదన్నమాట," అంది. "ఇన్నాళ్లూ ఏ సెట్టు కిందో ఒక్కడే పడున్నాడనుకున్నాను. ముద్ద పెట్టీవోళ్లు నేకండా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయనతోటి ఎవరెవరున్నారు? సదువు."

కాగితం జేబులోనే ఉంది. అరుగు మీద కూర్చుని చదివాను. కొన్ని పేర్ల దగ్గర తల ఊపింది. సూరాడ ఎల్లాజీ అన్న తన భర్త పేరు దగ్గర మాత్రం కదలలేదు. అన్నీ అయ్యాక అంది.

"ఇది నా ఒక్కదానికే సెప్పి ఊరుకుంటావేటి? రేపు పది గంటల పిలుపుల అందరికీ సదువు. నువ్వే సదవాలి."

అమావాస్య

పది గంటల పిలుపు తొమ్మిది శిబిరాలూ వింటాయి. మామూలుగా వానల కబుర్లూ, మందుల కబుర్లూ ఉంటాయి. ఇవాళ నేను ముందు నా పేరు చెప్పాను. ఆ లాంచీకి పేర్లు ఎక్కించిన గుమస్తాని నేనేనని చెప్పాను. తర్వాత తొంభై ఆరు పేర్లూ ఊళ్లతో సహా చదివాను. తొందరపడకుండా చదివాను. అసిరమ్మ గారు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని విన్నది.

చదవడం అయ్యాక ఎవరైనా మాట్లాడాలనుకుంటే మాట్లాడమన్నాను. ముందు ఒకరు వచ్చారు, వెనకే ఇంకొకరు. మా నాన్నండి. మా చెల్లెలు, పెళ్లై మూడు నెలలు. ఒకాయన ఎనభై రెండో పేరు ఇంకోసారి చదవమన్నాడు, చదివాక వెళ్లిపోయాడు. ఒకావిడ నన్ను తిట్టింది. తిట్టనిచ్చాను.

పదకొండున్నరకి బలరాం పానాతో గుమ్మంలోకి వచ్చాడు. టవర్ దించాల్సిన వేళ. లోపల వినిపిస్తున్న గొంతులు విన్నాడు. పానా గోడవార పెట్టాడు.

"మబ్బు ఇంకా దూరంగానే ఉందండి. రేపు దించుతాను," అన్నాడు.

పాలమెట్ట శిబిరం నుంచి ఒక మగగొంతు వచ్చింది. నడివయసు మనిషి గొంతు.

"మైలపల్లి తవిటమ్మ మా అమ్మండి. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నన్ను మా మావయ్యతో ముందు లాంచీలో పంపేసింది. మా అమ్మకి నీళ్లంటే మా భయమండి. మోకాల్లోతులో కూడా దిగేది కాదు. ఇన్నేళ్లూ అదొక్కటే... ఎలా ఉందో, ఎవరున్నారో పక్కని."

అసిరమ్మ గారు లేచి వచ్చింది. నా చేతిలోని మైకు తీసుకుంది. ఎక్కడ నొక్కి మాట్లాడాలో అడిగి, నొక్కింది.

"బాబూ, నాను మెట్టవలస అసిరమ్మని. మా ఆయన అందల ఉన్నాడు. వలేసీ మనిషి. పక్కని ఎవరైనా బయపడితే ఊరుకుండీవోడు కాదు. మీ అమ్మ సెయ్యి అట్టుకునే ఉంటాడు."

ఆ కొసన లైను తెగలేదు.